తెలుగులో పది అంటే ఎంత?

సైకాలజీ పీజీ విద్యార్థులకు, సర్వేల్లో పనిచేసే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లకు ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మీ చేతికిచ్చిన కాగితం మీద తొమ్మిది ప్రశ్నలున్నాయి. వీటిని చూడనివాళ్ళు ఈ గదిలో ఉండరు. డిప్రెషన్‌ను అంచనా వేసే ప్రశ్నావళి, పీహెచ్‌క్యూ-9. క్రోయెంకే, స్పిట్జర్, విలియమ్స్ అనే ముగ్గురు అమెరికాలో 2001లో ప్రచురించారు. గడిచిన రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా వచ్చిందో అడుగుతుంది. అసలు లేదంటే 0, దాదాపు రోజూ అంటే 3. మొత్తం 0 నుంచి 27 దాకా. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి ఒక మోస్తరు తీవ్రం, 20 నుంచి తీవ్రం. డబ్బు కట్టక్కర్లేదు, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే థీసిస్ నుంచి ఫోన్ యాప్ దాకా ఎక్కడ చూసినా ఇదే. పశ్చిమ గోదావరి పల్లెల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు కింద ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినప్పుడు అడిగినవాటిలోనూ ఈ ప్రశ్నలున్నాయి.

అందరూ పట్టుకునేది ఒకే అంకె: 10. పది వస్తే డిప్రెషన్ అనుమానం, డాక్టరు దగ్గరికి పంపించు. సరే. ఇంగ్లీషులో పది వచ్చిన మనిషీ, తెలుగులో పది వచ్చిన మనిషీ ఒకే స్థితిలో ఉన్నారని ఏ ఆధారంతో అంటున్నాం? ఇవాళ మాట్లాడేది ఇంతే. వినడానికి చిన్న ప్రశ్నే, తవ్వుతూ పోతే మాత్రం చాలా దూరం వెళ్తుంది.

మొదట అనువాదం. ఏ థీసిస్ తీసినా మూడో అధ్యాయంలో ఒక పేరా ఉంటుంది: 'ప్రశ్నావళిని తెలుగులోకి అనువదించి, తిరుగు అనువాదం చేయించాము.' 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ అనే పరిశోధకుడు ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చారు. ఒకరు తెలుగులోకి తెస్తారు. అసలు ప్రతి చూడని మరొకరు దాన్ని మళ్ళీ ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషు ప్రతులనూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. బ్రిస్లిన్ దీన్ని ఇతర పరీక్షలతో కలిపి వాడమన్నారు. మనవాళ్ళు ఇదొక్కటే మిగుల్చుకున్నారు.

ఇదొక్కటే ఎందుకు చాలదో ఆరో ప్రశ్నలో చూడండి. మీ కుటుంబాన్ని మీరు 'లెట్ డౌన్' చేశారని అనిపించిందా అని ఉంది. ఎవరో దీన్ని 'మీ కుటుంబాన్ని కిందికి దించారని' అని రాశారనుకోండి. రెండో అనువాదకుడికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ తెలుగు ముక్క వెనక ఉన్న ఇంగ్లీషు ముక్క ఆయనకు ఇట్టే దొరికిపోతుంది. మళ్ళీ 'లెట్ డౌన్' అనే రాస్తాడు. పోలిక నూటికి నూరు. కానీ ఆ తెలుగు వాక్యం విన్న ఆవిడ, బస్సులోంచి దించడం గురించి అడుగుతున్నారేమో అనుకుంటుంది. ఇంకొకరు 'నా వల్ల ఇంట్లోవాళ్ళు నలుగురిలో తల దించుకోవాల్సి వచ్చింది' అని రాశారు. ఇది తెలుగు. దీన్ని తిరగేస్తే తల, సిగ్గు, నలుగురు ఇవన్నీ వస్తాయి. అసలుతో పోలలేదని కమిటీ కొట్టేస్తుంది. చెడ్డ అనువాదాన్ని పాస్ చేసి మంచి అనువాదాన్ని ఫెయిల్ చేసే పరీక్ష ఇది. వద్దనడం లేదు. ఒక వాక్యం ఎగిరిపోయినా, 'కాదు' అనే మాట జారిపోయినా తిరుగు అనువాదం పట్టుకుంటుంది. అంతకు మించి దాని మీద భారం వేయకండి.

నిజం చెప్పాలంటే ఆ 'తల దించుకోవడం' కూడా కాస్త ఎక్కువే. ఇంగ్లీషులో ఉన్నది వాళ్ళ ఆశ నిలబెట్టలేకపోయానన్న బాధ. మనం పరువు దాకా తీసుకెళ్ళాం. 'ఇంట్లోవాళ్ళు నా మీద పెట్టుకున్న ఆశ నిలబెట్టలేకపోయాను' అంటే దగ్గరగా వస్తుంది. ఇలాంటి బేరం ప్రతి ప్రశ్న దగ్గరా ఉంటుంది.

రెండో ప్రశ్న దగ్గర ఆగుదాం, అసలు గొడవంతా అక్కడే. ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి: డౌన్, డిప్రెస్డ్, హోప్‌లెస్. తెలుగులో ఏం పెడదాం? 'కుంగుబాటు' పత్రికల మాట, చదువుకున్నవాళ్ళకే అర్థమవుతుంది. 'నిరాశ' అంటే మిర్చికి ధర రాకపోయినా నిరాశే, పరీక్ష పోయినా నిరాశే. 'దిగులు'కు సాధారణంగా ఒక కారణం ఉంటుంది, కూతురి పెళ్ళి గురించో అప్పు గురించో. 'బెంగ' దూరమైనవాళ్ళ కోసం. హాస్టల్లో వేసిన పిల్లవాడు పెట్టుకునేది బెంగ. తెలంగాణలో అయితే 'రంది' అంటారు. 'బుగులు' అన్నారంటే అది భయం వైపు, దాన్ని ఇందులో కలపకూడదు. 'మనసు బాగోలేదు' అందరికీ అర్థమవుతుంది, మరీ వెడల్పు. 'డిప్రెషన్' అనే మాటే వాడదామంటే, మ్యాచ్ ఓడిపోతే డిప్రెషన్‌లోకి వెళ్ళానంటారు కుర్రాళ్ళు.

ఒక్క మాటతో కుదరదు. ప్రశ్నకు ఒకే మూలవాక్యం ఉంచి, 'దిగులుగా, మనసు బాగోలేనట్టుగా, ఇక బాగుపడేది ఏమీ లేదన్నట్టుగా అనిపించిందా' అని, ప్రాంతాన్ని బట్టి వాడదగ్గ ప్రత్యామ్నాయాలను ఇన్వెస్టిగేటర్ల మాన్యువల్‌లోనే అచ్చువేయాలి. దిగులు బదులు రంది అనవచ్చు, బుగులు అనకూడదు, అని స్పష్టంగా. ఇది వాళ్ళ సమయస్ఫూర్తికి వదిలేస్తే ఎనిమిది మంది ఇన్వెస్టిగేటర్లతో ఎనిమిది ప్రశ్నావళులు తయారవుతాయి.

మొదటి ప్రశ్నలో ఇంకో చిక్కు. పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా అని అడుగుతుంది. అరవై దాటిన మనిషి దేని మీదా మమకారం పెట్టుకోకపోవడం మన దగ్గర జబ్బు కాదు, పెద్దరికం. 1985లో మానవ శాస్త్రవేత్త గణనాథ్ ఒబేశేఖర శ్రీలంక బౌద్ధుల గురించి ఇదే వాదన చేశారు: పశ్చిమ దేశాల్లో లక్షణమని రాసుకునే నిరాశను అక్కడ జీవితం గురించిన ఒక అవగాహనగా మలుచుకుంటారని. మరి వైరాగ్యాన్నీ డిప్రెషన్‌నూ ఎలా వేరు చేయాలి? 'ఆసక్తి' అనే మాట గాల్లో వదలకండి. ఇదివరకు ఆ మనిషికి ఇష్టమైన పనులు రెండు ముందే అడిగి, వాటి గురించే అడగండి. వైరాగ్యం వచ్చినాయన సీరియల్ మానేసి భజనకు వెళ్తాడు. డిప్రెషన్‌లో ఉన్నాయనకు భజన కూడా రుచించదు. ఇది ఆనవాలే తప్ప తీర్పు కాదు, కానీ చాలాసార్లు దారి చూపిస్తుంది.

ఇక అడిగే తీరు. రాసిన వాక్యం ఎంత బాగున్నా నోటితో అడిగేటప్పుడు చెడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి.

'నిద్ర పట్టట్లేదా?' అని అడిగారు. ఆవిడ 'లేదు' అంది. పట్టట్లేదనా, ఆ ఇబ్బంది లేదనా? తెలుగులో రెండూ అవుతాయి. 'ఆ' అన్నా అంతే. కాబట్టి లేదు, కాదు, లేకపోవడం ఉన్న వాక్యాన్ని ప్రశ్నగా అడగకండి. 'నిద్ర పట్టడానికి ఇబ్బంది పడ్డారా?' అనండి. తొమ్మిది ప్రశ్నలనూ ఈ ఒక్క దృష్టితో మళ్ళీ చదివి చూడండి, మీ ప్రతిలో కనీసం ఒకటి దొరుకుతుంది.

'గత రెండు వారాలుగా' అన్నది రెండో చోటు. వారం అంటే ఏడు రోజులూ అవుతుంది, 'ఇవాళ ఏం వారం' అన్నప్పుడు సోమ మంగళాలూ అవుతుంది. ఊళ్ళో వ్యవహారం పదిహేను రోజుల్లో నడుస్తుంది. 'పదిహేను రోజుల నుంచీ' అనండి. దానికి ఒక గుర్తు కట్టండి: పోయినసారి కాక అంతకు ముందు జరిగిన సంత నుంచి. వారం వారం సంత జరిగే ఊరైతే, సంత రోజునే అడిగితే లెక్క సరిగ్గా సరిపోతుంది.

మూడోది జవాబులు. 'కొన్ని రోజులు', 'సగం కన్నా ఎక్కువ రోజులు' అన్నవి చదువుకున్నవాళ్ళనే తికమక పెడతాయి. అమెరికాలో పెద్ద ఆరోగ్య సర్వేలో ఇదే కుటుంబానికి చెందిన, తొమ్మిదో ప్రశ్న లేని పీహెచ్‌క్యూ-8ను వాడినప్పుడు నేరుగా రోజులే అడిగారు. 0 లేదా 1 రోజు అయితే 0, 2 నుంచి 6 అయితే 1, 7 నుంచి 11 అయితే 2, 12 నుంచి 14 అయితే 3. చదవడం రానివాళ్ళ దగ్గర ఇది హాయిగా నడుస్తుంది. పద్నాలుగు చింతపిక్కలు ముందు పెట్టి, అలా ఉన్న రోజులకు సరిపడా పక్కకు తీయమనండి. అయితే ఇలా అడిగి తెచ్చిన అంకెలను మామూలు పద్ధతిలో అడిగినవాటితో కలిపేయకండి. ఏ పద్ధతిలో అడిగారో ప్రతి ఫారం మీదా నమోదు కావాలి.

నాలుగోది జంట ప్రశ్నలు. ఆకలి తగ్గిందా లేక మరీ ఎక్కువ తింటున్నారా. నెమ్మదించారా లేక నిలకడ లేకుండా తిరుగుతున్నారా. ఒక్క గుక్కలో చదివితే వినేవాళ్ళు చివరి సగానికే జవాబిస్తారు. విడివిడిగా అడిగి, రెండింటిలో ఎక్కువ వచ్చినదాన్ని వేయండి. ఆకలి దగ్గర ఇంకో మాట. అన్నం సయించకపోవడం వేరు, ఇంట్లో లేకపోవడం వేరు, కార్తీకమాసంలో ఒంటిపూట ఉండటం, రంజాన్‌లో ఉపవాసం ఉండటం వేరు. 'అన్నం ముందు పెట్టుకున్నా తినబుద్ధి కాకపోవడం' అంటే మిగతావన్నీ బయటికి పోతాయి.

పక్కన ఎవరు కూర్చున్నారన్నది చెప్పనక్కర్లేదు అనుకుంటాను. అత్తగారు వింటుండగా ఆరో ప్రశ్నకూ, చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకూ వచ్చే సున్నాలకు విలువ లేదు.

ఇవన్నీ సరిచేశాక కాగ్నిటివ్ ఇంటర్వ్యూ చేయాలి, అంటే ప్రశ్న వాళ్ళకు ఎలా అర్థమైందో వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి. మన థీసిసుల్లో ఎప్పుడూ ఎగ్గొట్టే మెట్టు ఇదే. విడతకు ఎనిమిది పది మంది చాలు, కానీ ఒకే మూస మనుషులు కాకూడదు. బడికి వెళ్ళనివాళ్ళు, పదో తరగతి దాకా చదివినవాళ్ళు, ముసలివాళ్ళు, కుర్రాళ్ళు, కనీసం రెండు మూడు మాండలికాలవాళ్ళు ఉండాలి. ప్రశ్న చదివి, జవాబు తీసుకుని, ఆ తర్వాత తవ్వండి: ఈ ప్రశ్న మీ మాటల్లో చెప్పండి. జవాబిచ్చేటప్పుడు మీకు ఏ రోజు గుర్తొచ్చింది? ఒకటి కాక రెండు ఎందుకన్నారు? ముగ్గురు ఒకే చోట తడబడితే వాక్యం మార్చండి. మార్చిన వాక్యాన్ని పాతవాళ్ళ దగ్గర కాక కొత్తవాళ్ళ దగ్గర పరీక్షించండి. సాధారణంగా రెండు మూడు విడతలు పడుతుంది. ప్రతి మార్పుకూ తేదీ, కారణం రాసిపెట్టాలి. ఆరు నెలల తర్వాత గైడు 'ఈ మాట ఎందుకు మార్చావు' అంటే ఆ పుస్తకమే మీకు దిక్కు.

ఇంత చేసినా చేతికొచ్చేది అమెరికావాళ్ళు రాసిన తొమ్మిది లక్షణాల తెలుగు ప్రతే. మన దగ్గర ఆ బాధకు పదో ముఖం ఉంటే అది ఇందులోకి రాదు. అమెరికా మానసిక వైద్యుడు, మానవ శాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ 1977లో దీనికో పేరు పెట్టారు. తెలుగులో వర్గీకరణ దోషం అందాం. ఒకచోట పుట్టిన జబ్బు గడిని ఇంకోచోటికి మోసుకెళ్ళి, అందులో పట్టినవాళ్ళను లెక్కపెట్టి, 'చూశారా, ఇక్కడా ఉంది' అనడం. తర్వాత ఆయనే చైనాలోని హునాన్‌లో నాడీ బలహీనత అనే నిర్ధారణతో ఉన్న వంద మందిని పరీక్షించారు. వారిలో 87 మందిలో అమెరికా ప్రమాణాల ప్రకారం డిప్రెషన్ కనిపించింది. కానీ వాళ్ళు చెప్పుకున్నది తలనొప్పి, నిద్రలేమి, నీరసం. ఆ 87 మందిదీ 'అసలు' డిప్రెషనేనా, నాడీ బలహీనత దాని మారుపేరా, లేక అదే అసలు పేరా? ఈ వాదన నేటికీ తెగలేదు. మన 'నరాల వీక్‌నెస్' ఎక్కడ పడుతుందో మీరే ఆలోచించండి.

'మనవాళ్ళు మనసు బాధను ఒంటి బాధగా చెబుతారు' అనే మాట తరచూ వింటాం, కాస్త చిన్నచూపుతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో చేసిన అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. అందులో బెంగళూరు కూడా ఉంది. డిప్రెషన్ ఉన్న 1,146 మందిలో 69 శాతం మంది డాక్టరుకు శారీరక బాధలే చెప్పారు. అయితే మనసు గురించి నేరుగా అడిగినప్పుడు కూడా లేదన్నవాళ్ళు 11 శాతమే. డాక్టరు దగ్గర ఏది చెబితే పని జరుగుతుందో జనానికి తెలుసు, అదే చెబుతారు. అడిగితే మిగతాదీ చెబుతారు.

వేరే దారి కూడా ఉంది. జింబాబ్వేలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, అక్కడివాళ్ళతో కలిసి, షోనా భాషలో జనం బాధను ఎలా చెప్పుకుంటారో అక్కడి నుంచి మొదలుపెట్టారు. 'కుఫుంగిసిసా' అన్న మాట దొరికింది. అతిగా ఆలోచించడం అని అర్థం. మన 'ఆలోచనలు ఎక్కువైపోయాయి'కి పక్కింటి చుట్టం. పద్నాలుగు ప్రశ్నల షోనా ప్రశ్నావళి అలా తయారైంది. హరారేలో డిక్సన్ చిబాండా బృందం ఆసుపత్రి ఆవరణలో బెంచీ మీద పెద్దవయసు ఆడవాళ్ళతో నడిపించిన కౌన్సెలింగ్‌ను 573 మందితో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించింది. అందులోకి ఎవరిని తీసుకోవాలో తేల్చింది ఆ షోనా కొలమానమే. దీనికో ఖరీదుంది. సొంత కొలమానంతో ఊరి బాధ బాగా కొలవగలం, వేరే దేశంతో పోల్చలేం. నా మాట అడిగితే, రెండూ కలిపి వాడండి: తొమ్మిది ప్రశ్నలూ అలాగే ఉంచి, మన దగ్గర వినిపించే మూడు నాలుగు బాధలు చివర చేర్చండి. ఆలోచనలు ఆగకపోవడం, గుండె బరువు, ఒళ్ళంతా లాగడం. వాటి మార్కులు వేరుగా వేయండి, 27లో కలపకండి.

ఇప్పుడు అంకెలు. రెండు భాషల మార్కులు పోల్చాలంటే మెజర్‌మెంట్ ఇన్వేరియెన్స్ చూపించాలి, అంటే ప్రశ్నావళి రెండు చోట్లా ఒకే విధంగా కొలుస్తోందని. పద్ధతి మీకు తెలుసు: మొదట నిర్మాణం ఒకటేనా, తర్వాత లోడింగులు (ఒక్కో ప్రశ్నకు అసలు బాధతో ఉన్న ముడి) ఒకటేనా, ఆ తర్వాత ఇంటర్‌సెప్టులు (అదే స్థాయి బాధకు ఆ ప్రశ్నలో వచ్చే మార్కు) ఒకటేనా. ప్రతి మెట్టులో, నమూనా డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే సీఎఫ్ఐ 0.01 కన్నా ఎక్కువ పడకూడదని వాడుక. గుంపుకు రెండు వందల మంది కన్నా తక్కువతో దీనికి దిగకండి. మూడో మెట్టు దాటకుండా సగటులు పోల్చకూడదు. అది ఎక్కడ విరుగుతుందంటే, నాలుగో ప్రశ్న నీరసం దగ్గర అనుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15–49 ఏళ్ళ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. మనసు ఎంత నిబ్బరంగా ఉన్నా ఆవిడకు ఈ ప్రశ్నలో రెండు మార్కులు వచ్చేస్తాయి. సగటు పెరిగితే అది దుఃఖం కాకపోవచ్చు, ఐరన్ కావచ్చు. క్లినిక్‌లో అయితే హీమోగ్లోబిన్, థైరాయిడ్ చూడకుండా ఆ రెండు మార్కులను నమ్మకండి.

ఇక పది దగ్గరికి వద్దాం. ఆ అంకె ఎక్కడిది? 2001 అధ్యయనంలో 580 మందిని మానసిక ఆరోగ్య నిపుణులు 48 గంటల లోపు విడిగా ఇంటర్వ్యూ చేశారు. పది దగ్గర గీత గీస్తే సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్ళలో పట్టుబడేవాళ్ళు) 88 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్ళలో సరిగ్గా బయటపడేవాళ్ళు) 88 శాతం. తర్వాత అనేక అధ్యయనాలను కలిపి చూస్తే 8 నుంచి 11 దాకా ఏ గీతైనా దాదాపు అలాగే పనిచేసింది. అంటే పదికి మహిమేమీ లేదు. మీ జనంలో మీరే తేల్చుకోవాలి: ప్రశ్నావళి మార్కు తెలియని క్లినిషియన్, కొద్ది రోజుల్లోనే, పూర్తి ఇంటర్వ్యూ చేయాలి. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళనే కాదు, తక్కువ వచ్చినవాళ్ళలో కొందరిని కూడా చీటీ తీసి పిలవాలి. ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. ఖర్చు మిగులుతుందని పది దాటినవాళ్ళనే ఇంటర్వ్యూ చేస్తారు. అప్పుడు గీత కింద జారిపోయినవాళ్ళు లెక్కలోకే రారు, సెన్సిటివిటీ ఉత్తినే ఆకాశానికి అంటుతుంది.

88 శాతం అంటే చాలా బాగుంది కదా అనిపిస్తుంది. ఊళ్ళోకి తీసుకెళ్ళి చూద్దాం. వెయ్యి మంది ఉన్నారు, వారిలో డిప్రెషన్ 50 మందికి ఉందనుకుందాం. ఆ 50లో 44 మందిని పట్టుకుంటాం. మిగిలిన 950లో 12 శాతం, అంటే 114 మంది ఉత్తపుణ్యానికి పడతారు. పది దాటినవాళ్ళు మొత్తం 158. నిజంగా ఉన్నవాళ్ళు 44. నలుగురిలో ఒకరి కన్నా కాస్త ఎక్కువ. ఇదే కాగితాన్ని, వెయ్యిలో 300 మందికి జబ్బున్న సైకియాట్రీ ఓపీలో వాడితే 264 మంది సరిగ్గా, 84 మంది తప్పుగా పడతారు. నలుగురిలో ముగ్గురు నిజమైనవాళ్ళు. కాగితం అదే, ప్రశ్నలు అవే, పది అదే. కాబట్టి పల్లె సర్వే చేసి 'పదహారు శాతం మందికి డిప్రెషన్' అని పత్రికలకు చెప్పకండి. మీ చేతిలో ఉన్నది పది దాటినవాళ్ళ శాతం మాత్రమే. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఉంది కదా అంటారేమో, 2015–16లో అది జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు. ఆ ఖాళీని ఇలాంటి అంకెలతో పూడ్చాలన్న ఆత్రం అర్థమవుతుంది, అయినా వద్దు.

చికిత్సలో దీన్ని వాడేవాళ్ళకు ఒక లెక్క. మొదటిసారి 16, నెల తర్వాత 13. తగ్గిందా? మీ జనంలో స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో) 5, విశ్వసనీయత (కొలత ఎంత నిలకడగా ఉందో) 0.85 అనుకోండి. కొలత దోషం 5ను 0.15 వర్గమూలంతో గుణిస్తే 1.94. రెండు కొలతల తేడాకు 2.74. దాన్ని 1.96తో గుణిస్తే 5.37. అంటే ఆరు మార్కులు మారితే తప్ప అది కొలతలోని ఊగిసలాట కాదని గట్టిగా అనలేం. మూడు మార్కులకు మందు మార్చే ముందు ఇది గుర్తు చేసుకోండి. మొదటిసారి కూతురు చదివి వినిపించి, రెండోసారి నర్సు అడిగితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్-5లో 2013 నుంచి పదహారు ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ ఉంది. టైం లేదంటారు. కనీసం రెండో ప్రశ్న అడగండి: ఈ సమస్య గురించి మీ ఇంట్లోవాళ్ళకు, స్నేహితులకు ఎలా చెబుతారు? దిష్టి, గాలి, చేతబడి, అప్పు, అల్లుడు, ఏదైనా రావచ్చు. ఆ జవాబు కేసు షీట్‌లో వాళ్ళ మాటల్లోనే రాయండి, 'వర్రీ' అని తర్జుమా చేయకుండా.

చివర కూర్చున్న అమ్మాయి ఏదో అడుగుతోంది. తొమ్మిదో ప్రశ్న తీసేసి పీహెచ్‌క్యూ-8 వాడవచ్చా అని. సర్వే కోసమైతే వాడవచ్చు, అక్కడా గీత పదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిల్లలను ఏళ్ళ తరబడి అనుసరిస్తున్న యంగ్ లైవ్స్ బృందం 2020లో ఫోన్ సర్వే చేసినప్పుడు ఎనిమిది ప్రశ్నలదే వాడింది. ఫోన్ అవతల మనిషి పక్కన ఎవరున్నారో తెలియనప్పుడు అది సబబే. ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం తీసేయకండి. 'ఆ దేవుడు తీసుకుపోయినా బాగుండు' అన్నది మన ఊళ్ళలో ముసలమ్మల ఊతపదం. దాన్ని మూడుగా వేసి కంగారు పడకూడదు, ఊతపదమే కదా అని సున్నా వేయనూ కూడదు. 1 వచ్చినా సరే, మిగతావాళ్ళను బయటికి పంపి మూడు అడగండి: అలా అనిపించడమేనా, ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎలా అన్నది కూడా అనుకున్నారా? పురుగుమందు లాంటివి ఇంట్లో చేతికందేలా ఉన్నాయా? రెండోదానికో మూడోదానికో అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి. పురుగుమందు డబ్బా ఆ ఇంట్లోంచి పక్కకు వెళ్ళాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వాలి. ఇవి ఎవరు చేస్తారో పేరుతో సహా రాసి లేకపోతే, ఆ ఊళ్ళో సర్వే మొదలుపెట్టకండి.